బ్రాకెట్ బాండింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: ఊడిన బ్రాకెట్‌ను చదవడం

పోయిన పాఠంలో, తీసేసిన పది ప్రీమోలార్ (కోరపన్ను వెనకుండే చిన్న దవడ) పళ్లకు 37 శాతం ఫాస్ఫారిక్ ఆసిడ్‌తో ఎచింగ్ చేసి, అంటే పన్ను పైపొర ఎనామిల్‌ను జిగురు పట్టేలా గరుకుగా చేసి, మెటల్ బ్రాకెట్లు (పళ్లు సరిచేసే క్లిప్పుల్లో తీగను పట్టుకునే చిన్న ముక్కలు) అంటించాం. ఇవాళ వాటిని మనమే ఊడదీస్తాం.

బ్రాకెట్ ఊడదీసే డీబాండింగ్ ప్లయర్‌తో దాని వింగ్స్‌ను (రెక్కల్లాంటి అంచులను) మెల్లగా నొక్కండి. టక్‌మని వచ్చేస్తుంది. బ్రాకెట్ పక్కన పెట్టి ముందు పన్ను చూడండి, జిగురు ఎంత మిగిలిందో. దీనికి 1984లో ఆర్టున్, బెర్గ్‌లాండ్ ఇచ్చిన లెక్క ఉంది. పన్ను మీద ఏమీ లేకపోతే 0, సగం కంటే తక్కువుంటే 1, ఎక్కువుంటే 2, మొత్తం మిగిలి బ్రాకెట్ వెనకున్న జాలీ అచ్చు దాని మీద పడితే 3. ఆ అచ్చు లూప్‌లో (భూతద్దంలో) చూస్తే పిండి మీద జల్లెడ నొక్కినట్టే ఉంటుంది.

నేను కొత్తగా చేరినప్పుడు కింది ప్రీమోలార్‌కు వేసిన బ్రాకెట్‌ను ఒకమ్మాయి మూడో రోజే టిష్యూ పేపర్లో చుట్టి తెచ్చింది. "జంతిక కొరికాను సార్, ఊడొచ్చింది" అంది. నేను జంతికనీ జిగురునీ కలిపి తిట్టుకున్నాను. మా సీనియర్ మాత్రం పన్ను చూశారు. అద్దంలా శుభ్రంగా ఉంది. స్కోరు 0. అంటే జిగురు ఎనామిల్‌ను పట్టుకోనే లేదు. ఎచ్ చేశాక లాలాజలం తగిలింది, నేను గమనించలేదు. తెల్లగా సుద్దలా కనిపించిన పన్ను మళ్లీ మెరిసిందంటే అక్కడే ఆగి, కడిగి, మళ్లీ ఎచ్ చేయాలి. కాటన్ రోల్ మార్చడానికి బద్ధకించకండి.

ట్రీట్‌మెంట్ మధ్యలో దానంతటదే ఊడి స్కోరు 3 వస్తే తప్పు ఇంకోచోట ఉంటుంది. జాలీని వేలితో తాకి ఉంటారు, జిగురు గట్టిపడే వేళ బ్రాకెట్ కదిలించి ఉంటారు, లేదా జిగురును గట్టిపరిచే లైట్ మెటల్ కిందికి సరిగా అందలేదు. అందుకే రెండు పక్కల నుంచీ లైట్ పెట్టమన్నది. మనం కావాలని ప్లయర్‌తో తీసినప్పుడు మాత్రం 3 వస్తే నాకు సంతోషమే. జిగురంతా పన్ను మీదే ఉండిపోయిందంటే ఎనామిల్ క్షేమం.

ఇక బలం సంగతి. ల్యాబ్‌లో బ్రాకెట్ ఊడేటప్పుడు మెషిన్ చూపిన బలాన్ని, అంటే న్యూటన్లను, బ్రాకెట్ బేస్ వైశాల్యంతో భాగిస్తే మెగాపాస్కల్స్ వస్తాయి. 12 చదరపు మిల్లీమీటర్ల బేస్ 84 న్యూటన్ల దగ్గర ఊడితే 7 మెగాపాస్కల్స్. క్లినిక్‌లో 5.9 నుంచి 7.8 ఉంటే చాలని 1975లో రేనాల్డ్స్ చెప్పిన మాట ఇప్పటికీ అందరూ ఎత్తుతారు. ఎక్కువ వస్తే ఇంకా మంచిదనుకోవద్దు. రెండేళ్ల తర్వాత దాన్ని తీయాల్సింది మనమే. తొలినాటి సెరామిక్ బ్రాకెట్లు సైలేన్‌తో (సెరామిక్‌నూ జిగురునూ కలిపే రసాయనంతో) మరీ గట్టిగా అంటుకుని, తీసేటప్పుడు ఎనామిల్ పెచ్చులు కూడా లేపాయి.

నల్గొండ వైపు ప్రాక్టీస్ పెట్టేవాళ్లకు ఒక మాట. ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు వచ్చే సమస్య) ఉన్న ఎనామిల్ ఆసిడ్‌కు త్వరగా లొంగదు. గడియారం చూసి కాదు, పన్ను తెల్లబడిందో లేదో చూసి ముందుకెళ్లండి.

పది పళ్లకూ స్కోర్లు రాసి పెట్టుకోండి, పళ్లు పారేయకండి. వచ్చే పాఠంలో వాటి మీద మిగిలిన జిగురును టంగ్‌స్టన్ కార్బైడ్ బర్‌తో (గిర్రున తిరిగి అరగదీసే ముక్కతో) గీత పడకుండా తీద్దాం.