తమ్ముణ్ణి డీ-అడిక్షన్ వార్డులో చేర్పించిన వైనం

మందు మానేసిన రెండో రోజుకే తమ్ముడికి చేతులు వణికేవి, నిద్ర పట్టేది కాదు. మళ్ళీ సీసా దగ్గరికే. ఒట్లు, నాటుమందు, వేలు గుంజిన ప్రైవేటు కేంద్రం, అన్నీ వృథా.

చివరికి డీ-అడిక్షన్ (తాగుడు, మత్తు అలవాటు మాన్పించడం) కోసం ఉన్న జాతీయ ఉచిత సహాయవాణి 14446కు ఫోను చేశాను. మాది కోనసీమ అంటే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళమన్నారు. తొలి బస్సులో వెళ్ళి, ఆధార్ చూపి ఓపీ చీటీ తీసుకున్నాం. అక్కడే మానసిక వైద్య విభాగం అని చెప్పాలి. నేను సిగ్గుపడి కడుపునొప్పి అన్నాను, గంటసేపు వేరే వరుసలో నిలబడ్డాం! డాక్టరుకు మాత్రం చివరిసారి ఎప్పుడు, ఎంత తాగాడో, ఒకసారి మూర్ఛ వచ్చిన సంగతితో సహా దాచకుండా చెప్పాను. అది విన్నాకే చేర్చుకున్నారు. అలవాటైన ఒళ్ళు ఒక్కసారిగా మానితే ప్రాణాపాయమట.

ఆ రోజు మంచం ఖాళీగా ఉండటం మా అదృష్టం కావచ్చు. పైగా తమ్ముడు ఒప్పుకునే వచ్చాడు. ఒప్పుకోనివారి విషయంలో ఏం చేయాలో నేను చెప్పలేను.