మీ రిజిస్టర్డ్ స్థలంలో వేరేవాళ్లుంటే ఏ కోర్టుకి వెళ్లాలి, ఎప్పటిలోగా వెళ్లాలి

సేల్ డీడ్ మీ పేరునే ఉంది, ఈసీలోనూ (స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీలు చూపే సర్టిఫికెట్) మీ పేరే వస్తోంది, కానీ స్థలంలో ఎవరో రేకుల షెడ్డు వేసుకుని ఉన్నారు, అడిగితే "పన్నెండేళ్ల నుంచి మేమే ఉంటున్నాం" అంటున్నారు. అప్పుడు ముందు తేల్చుకోవాల్సింది వాళ్లు ఎప్పుడు దిగారన్నది. 1963 లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్ ప్రకారం ప్రైవేటు స్థలం వెనక్కి రాబట్టుకోవడానికి 12 ఏళ్లే గడువు. అది దాటితే అదే చట్టం 27వ సెక్షన్ కింద మీ హక్కే పోతుంది, డాక్యుమెంట్ బీరువాలో ఎంత భద్రంగా ఉన్నా సరే. ప్రభుత్వ భూమికైతే 30 ఏళ్లు.

లాయర్ నోటీసు ఇచ్చి హమ్మయ్య అనుకునేవాళ్లే ఎక్కువ. నోటీసుతో ఈ గడువు ఆగదు. పోలీసు కంప్లయింట్ పెట్టినా, ఎమ్మార్వోకి అర్జీ ఇచ్చినా ఆగదు. సివిల్ కోర్టులో దావా పడాల్సిందే.

అలాగని 12 ఏళ్లున్న ప్రతివాడికీ హక్కు వచ్చేస్తుందని టెన్షన్ పడక్కర్లేదు. బహిరంగంగా, ఆగకుండా, అసలు ఓనర్ హక్కుని కాదంటూ ఉన్నట్టు వాళ్లే రుజువు చేయాలి, ఏ తేదీ నుంచో కూడా చెప్పాలి. అద్దెకున్నవాడు, కాపలాకి పెట్టినవాడు, మీరు ఉండమంటే ఉన్న బంధువు, వీళ్లు ఎన్నేళ్లున్నా అది మీ అనుమతితో ఉన్నట్టే. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తిలో ఒకరు ఉంటే అందరి తరఫునా ఉన్నట్టు లెక్క, మిగతావాళ్ల హక్కుని తెగేసి కాదన్నట్టు చూపిస్తే తప్ప. "మేం కొనుక్కున్నాం" అని ఒక నోటితో, "కాదంటే కబ్జా హక్కుంది" (అంటే ఇన్నేళ్లు ఉన్నందువల్ల వచ్చిన హక్కు) అని ఇంకో నోటితో చెప్పేవాళ్లు తరచూ ఇక్కడే దొరికిపోతారు, ఎందుకంటే రెండోది చెప్పాలంటే అసలు ఓనర్ వేరే ఉన్నాడని ఒప్పుకోవాలి. అయితే 2019 నుంచి ఒక సంగతి గుర్తుంచుకోండి: స్వాధీనంలో ఉన్నవాడు తనే వాదిగా దావా వేసి ఈ హక్కు అడగొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక ఏ కోర్టు? స్థలం ఎక్కడుంటే అక్కడి కోర్టే, ఇది సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ సెక్షన్. శంషాబాద్ ప్లాటుకి, మీరు సికింద్రాబాద్‌లో ఉంటున్నారు కదా అని హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకి వెళ్తే కుదరదు, రంగారెడ్డి జిల్లా కోర్టుల పరిధిలోనే వేయాలి. అగ్రిమెంట్‌లో "వివాదాలు ఫలానా ఊరి కోర్టులోనే" అని రాసుకున్నా సరే, పరిధి లేని కోర్టుకి ఆ రాత వల్ల పరిధి రాదు. గుర్‌గావ్ ప్లాటు మీద ఢిల్లీలో వేసిన దావాని అక్కడి కోర్టు ఏళ్లు గడిచాక తనకి పరిధి లేదని వెనక్కి ఇచ్చేస్తే, 2005లో సుప్రీంకోర్టు అది సబబే అంది. స్థలం రెండు కోర్టుల పరిధిలోకి వస్తే ఏదో ఒకదాంట్లో వేయొచ్చు. జూనియర్ సివిల్ జడ్జి దగ్గరా, సీనియర్ దగ్గరా, జిల్లా కోర్టులోనా అన్నది దావా విలువని బట్టి ఉంటుంది. ఆ పరిమితులు మారుతుంటాయి, లాయర్ దగ్గర తాజా అంకె అడగండి.

దావాలో ఏం అడుగుతున్నారో కూడా చూసుకోండి. స్థలం ఇప్పటికే వాళ్ల చేతిలో ఉంటే ఇంజంక్షన్ (ఫలానా పని చేయొద్దని కోర్టు ఇచ్చే ఆర్డర్) ఒక్కటే అడిగి లాభం లేదు, హక్కు మీదని ప్రకటించమనీ, స్వాధీనం ఇప్పించమనీ రెండూ అడగాలి. కోర్టు ఫీజు మిగులుతుందని ఇంజంక్షన్‌తో సరిపెట్టే సలహా నాకు అస్సలు నచ్చదు. మిమ్మల్ని బలవంతంగా గెంటేసి ఆరు నెలలు దాటకపోతే మాత్రం స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద హక్కు గొడవలోకి వెళ్లకుండానే స్వాధీనం అడగొచ్చు, ప్రభుత్వం మీద తప్ప.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లు ఇక్కడున్న మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ పంపి దావా వేయించొచ్చు. ఆ కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించండి.