ట్రాన్స్‌మిట్ డయాగ్నస్టిక్స్ ప్యాచ్ రివ్యూ: లక్షణం, కారణం, పరిష్కారం

లినక్స్ నెట్‌వర్క్ డ్రైవర్‌లో ప్యాకెట్లు బయటికి పోవడం ఆగిపోతే, కౌంటర్లూ లాగ్ లైన్లూ రిజిస్టర్ డంపులూ (డివైస్ లోపలి విలువల ప్రింట్లు) జోడిస్తూ ఒక ప్యాచ్, అంటే కోడ్ మార్పు, వస్తుంది. "చూడ్డానికే కదా" అని పైపైన చదివి ఓకే చెప్పేయకండి. కొత్త ఫీచర్ ప్యాచ్ కంటే దీన్నే నిదానంగా చదవాలి, ఎందుకంటే ఇది ప్రతి ప్యాకెట్టూ నడిచే దారిలోనే కూర్చుంటుంది. బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు డ్రైవర్ల మీద పనిచేసే మన తెలుగువాళ్ల ప్యాచ్‌లలో మళ్లీ మళ్లీ కనబడేవి కింద రాస్తున్నాను.

ప్రింట్ ఉంటే బాగుంది, తీస్తే హ్యాంగ్

"అన్నా, ఆ లైను ఉంటే రాత్రంతా నడుస్తోంది, తీసేస్తే ట్రాఫిక్ ఆగిపోతోంది" అంటారు. కెర్నల్ లాగ్‌లో ట్రాన్స్‌మిట్ క్యూ టైమ్డ్ అవుట్ అని వాచ్‌డాగ్ (క్యూ కదలకపోతే గమనించే టైమర్) హెచ్చరిక కూడా ఉంటుంది. డ్రైవర్ వేరే విలువ పెట్టకపోతే వాచ్‌డాగ్ గడువు 5 సెకన్లు.

ఆ లైను దేన్నీ బాగుచేయలేదు, వేగాన్ని మార్చిందంతే. 115200 బాడ్ సీరియల్ కన్సోల్ మీద 80 అక్షరాల లైను పోవడానికి దాదాపు 7 మిల్లీసెకన్లు పడుతుంది. 1 గిగాబిట్ లింకు మీద చిన్న ప్యాకెట్లయితే అంతలో పదివేలకు పైగా పోవచ్చు. ఎక్స్‌మిట్‌లో (ప్యాకెట్‌ని పంపే డ్రైవర్ ఫంక్షన్‌లో) పెట్టిన రిజిస్టర్ రీడ్ కూడా ఇలాంటిదే. పీసీఐఈలో (కార్డుని సీపీయూకి కలిపే బస్సులో) రైట్ జవాబు కోసం ఆగదు, రీడ్ ఆగుతుంది. పైగా తనకంటే ముందున్న రైట్లను డివైస్ దాకా నెట్టుకుపోతుంది.

అసలు కారణం చాలాసార్లు క్యూ ఆపే చోటే దొరుకుతుంది. రింగ్ (పంపాల్సిన ప్యాకెట్ల వివరాలుండే డిస్క్రిప్టర్ల గుండ్రటి పట్టిక) నిండిందని ఎక్స్‌మిట్ గమనిస్తుంది. క్యూని ఆపేలోపు ఇంకో సీపీయూ మీద కంప్లీషన్ (పంపడం పూర్తయిన ప్యాకెట్లను శుభ్రం చేసే కోడ్) ఆ డిస్క్రిప్టర్లన్నీ ఖాళీ చేసి, క్యూ ఇంకా ఆగలేదు కాబట్టి లేపకుండా వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఎక్స్‌మిట్ దాన్ని ఆపుతుంది. ఇక రావలసిన కంప్లీషన్ లేదు, లేపేవాళ్లూ లేరు.

పరిష్కారం: క్యూ ఆపాక ఫుల్ మెమరీ బ్యారియర్ (మెమరీ చదవడం, రాయడం వరుస తప్పకుండా చూసేది) పెట్టి, చోటుందేమో మళ్లీ చూడాలి. ఉంటే అక్కడే లేపాలి. కంప్లీషన్ వైపు కూడా ఇండెక్స్ మార్చడానికీ, క్యూ ఆగిందా అని చూడటానికీ మధ్య బ్యారియర్ ఉండాలి. దీనికి కెర్నల్‌లో రెడీమేడ్ మాక్రోలున్నాయి, సొంతంగా రాయనక్కర్లేదు. ప్రింట్ల బదులు నెట్ డెవ్ ఎక్స్‌మిట్ ట్రేస్‌పాయింట్ (కెర్నల్‌లో ముందే ఉన్న, కావాలంటే ఆన్ చేసుకునే నమోదు చోటు) సరిపోతుందేమో ముందు అడగండి.

బైట్ కౌంటర్ పిచ్చి అంకె చూపిస్తోంది, లేదా కసాన్ యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అంటోంది

కసాన్ అంటే కెర్నల్ మెమరీ తప్పుల్ని పట్టే సాధనం, యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అంటే విడుదలైన మెమరీని వాడటం. డోర్‌బెల్ (కొత్త ప్యాకెట్లున్నాయని డివైస్‌కి చెప్పే రిజిస్టర్ రైట్) లైను ఎక్కడుందో చూడండి. దాని కింద ఎస్‌కేబీ (కెర్నల్‌లో ప్యాకెట్‌ని మోసే నిర్మాణం) పొడవు చదువుతూ కొత్త కౌంటర్ ఉంటే దొంగ దొరికినట్టే. డోర్‌బెల్ కొట్టాక ఆ ఎస్‌కేబీ మనది కాదు, కంప్లీషన్ ఈపాటికే దాన్ని విడుదల చేసి ఉండొచ్చు. పొడవుని ముందే లోకల్ వేరియబుల్‌లోకి తీసుకోవాలి. కౌంటర్ కోసమని బైట్ లెక్కింపు మార్చితే బీక్యూఎల్ (క్యూలో ఉండే బైట్లకు హద్దు పెట్టే యంత్రాంగం) కూడా చూడాలి. పంపినట్టు చెప్పిన దానికంటే పూర్తయినట్టు చెప్పిన బైట్లు ఎక్కువైతే, దాని వెనకున్న డీక్యూఎల్ కోడ్‌లోని బగ్ ఆన్ (షరతు తప్పితే కెర్నల్‌ని ఆపేసే తనిఖీ) దగ్గరే కెర్నల్ పడిపోతుంది.

టైమవుట్ డంప్‌లోనే స్కెడ్యూలింగ్ వైల్ అటామిక్

టైమవుట్ కాల్‌బ్యాక్ (వాచ్‌డాగ్ పిలిచే డ్రైవర్ ఫంక్షన్) ట్రాన్స్‌మిట్ లాక్ కింద నడుస్తుంది, అక్కడ నిద్రపోకూడదు, పోతే పై ఎర్రరే వస్తుంది. ఫర్మ్‌వేర్‌ని అడిగి ఎదురుచూసే పనిని వర్క్‌క్యూకి (నిద్రపోగలిగే వేరే థ్రెడ్‌కి) పంపాలి. కాల్‌బ్యాక్‌లో రింగ్ ఇండెక్స్‌లు మాత్రం దాచుకోవాలి. ఏ క్యూ ఆగిందో 5.6 కెర్నల్ నుంచి ఆర్గ్యుమెంట్‌గానే వస్తోంది, వెతకనక్కర్లేదు. డంప్ తీశాకే రీసెట్ చేస్తున్నారా అన్నది తప్పక చూడండి. ముందు రీసెట్ చేస్తే సాక్ష్యం తుడిచేసినట్టే.

డంప్‌లో ఏముండాలో తెలియాలంటే ఇంటెల్ ఈ1000ఈ డ్రైవర్ ఇచ్చే హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్ సందేశం చూడండి. హెడ్ (డివైస్ చేరిన చోటు), టెయిల్ (డోర్‌బెల్‌తో డివైస్‌కి చెప్పిన చోటు), డ్రైవర్ తర్వాత వాడబోయే చోటు, తర్వాత శుభ్రం చేయాల్సిన చోటు, టైమ్ స్టాంపు, అన్నీ ఒకేచోట ఉంటాయి. మొదటి నాలుగు అంకెలు పక్కపక్కన ఉంటే సగం పని అయిపోయినట్టే. హెడ్ టెయిల్‌ని అందుకుంది, శుభ్రం చేయాల్సిన చోటు మాత్రం వెనకబడిందంటే ఇంటరప్ట్, నాపీ (కంప్లీషన్‌ని నడిపే పోలింగ్ పద్ధతి) వైపు వెతకాలి. హెడ్ టెయిల్ వెనక కదలకుండా ఉంటే డీఎంఏ (డివైస్ నేరుగా మెమరీ చదవడం), పాజ్ ఫ్రేములు (కాసేపు పంపడం ఆపమని అవతలివైపు నుంచి వచ్చేవి) చూడాలి. టెయిలే డ్రైవర్ ఇండెక్స్ వెనక ఉందంటే డోర్‌బెల్ చేరలేదు. "ఇంకా ప్యాకెట్లు వస్తున్నాయి" అన్న సూచనతో డోర్‌బెల్ వాయిదా వేసి, తర్వాతి ప్యాకెట్ డీఎంఏ మ్యాపింగ్ ఫెయిలైనప్పుడు కొట్టకుండానే వెనక్కి వచ్చేస్తున్నారేమో చూడండి. ఆ ఎర్రర్ దారిలోనూ డోర్‌బెల్ కొట్టాలి. ఏ రిజిస్టర్ చదివినా అన్ని బిట్లూ ఒకట్లే వస్తుంటే, డివైస్ బస్సు మీదే లేకపోయి ఉండొచ్చు, మిగతా డంప్ నమ్మొద్దు.

ఈథ్‌టూల్‌లో పేర్లూ అంకెలూ కలవట్లేదు

ఈథ్‌టూల్ అంటే నెట్‌వర్క్ కార్డు కౌంటర్లు చూపే కమాండ్. డ్రైవర్‌లో కౌంటర్ల సంఖ్య చెప్పే ఫంక్షన్, పేర్లిచ్చేది, విలువలిచ్చేది, మూడూ ఒకే పట్టిక నుంచి రావాలి. పేరుకు చోటు 32 బైట్లే. ప్రామాణిక గణాంకాల్లో ఇప్పటికే ఉన్నదాన్ని మళ్లీ ఇక్కడ పెడితే తీసేయమనండి. 32-బిట్ ఆర్మ్ బోర్డు మీద మాత్రమే అంకెలు గెంతుతుంటే 64-బిట్ విలువ రెండు ముక్కలుగా చదవబడుతోందని అర్థం. కౌంటర్లు క్యూకి ఒకటి చొప్పున ఉంచి, యూ64 స్టాట్స్ సింక్‌తో (64-బిట్ విలువ ముక్కలు కాకుండా చదివించే కెర్నల్ సాధనంతో) చుట్టమని రివ్యూలో రాయండి.