మానిటరింగ్ మాటలకు అర్థం రాసుకోవడం ఎలా: పర్లాకిమిడి సర్వర్ గది నుంచి

సర్వర్లూ లైన్లూ సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూసే మా మానిటరింగ్ డెస్క్‌లో కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం గ్రఫానా బోర్డు (కొలతలను గ్రాఫులుగా చూపించే తెర) చూపించను. ఒక రూళ్ల పుస్తకం ఇచ్చి మాటలు రాసుకోమంటాను. అప్‌టైమ్, అవైలబిలిటీ, లేటెన్సీ, ఇన్సిడెంట్, ఎస్‌ఎల్‌ఏ, ఇలా. ఒక్కో మాట కింద మూడు ప్రశ్నలకు జవాబు ఉండాలి: ఎక్కడి నుంచి కొలిచాం, ఎంత కాలానికి కొలిచాం, లెక్కలోంచి ఏది తీసేశాం. ఈ మూడూ లేకుండా "99.9 శాతం" అని ఎవరైనా అంటే నేను నమ్మను, మీరూ నమ్మకండి.

మేం చూసుకునేది ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్ సిస్టమ్. మెయిన్ ల్యాబ్ ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో ఉంది. కలెక్షన్ సెంటర్లు కాశీనగర్, గుణుపురం, రాయగడల్లోనూ, మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రావైపు పాతపట్నంలోనూ ఉన్నాయి. సెంటర్‌లో శాంపిల్ తీసి బార్‌కోడ్ అంటిస్తారు. ఇక్కడ మెషిన్ ఫలితం ఇస్తుంది, డాక్టర్ ఓకే చేయగానే పేషెంటు ఫోనుకు రిపోర్టు లింకు వెళ్తుంది. అప్లికేషన్ ముంబయి క్లౌడ్‌లో ఉంటుంది, మెషిన్లతో మాట్లాడే చిన్న సర్వర్ మా గదిలో ఉంటుంది. ఉదాహరణలన్నీ ఇందులోంచే తీసుకుంటాను. మీది కాలేజీ పోర్టలో, సొసైటీ బ్యాంకో అయితే పేర్లు మార్చుకుంటే సరిపోతుంది.

మెషిన్ లేచి ఉంటే సర్వీసు ఉన్నట్టేనా

లైనక్స్‌లో అప్‌టైమ్ అని కొడితే వచ్చేది ఆ మెషిన్ చివరిసారి బూట్ అయినప్పటి నుంచి గడిచిన సమయం, అంతే. ఆరు నెలలుగా రీబూట్ కాని సర్వర్ మీద అప్లికేషన్ పొద్దున్నుంచీ చచ్చి పడి ఉండొచ్చు. అవతలి మెషిన్ బదులిస్తుందో లేదో చూసే పింగ్ కమాండు సంగతీ అదే. 1983లో అమెరికా ప్రోగ్రామర్ మైక్ మూస్ దాన్ని రాసింది నెట్‌వర్క్‌లో తేడా ఎక్కడుందో పట్టుకోవడానికి. పింగ్‌కు బదులిచ్చేది ఆపరేటింగ్ సిస్టమ్. పైన డేటాబేస్ బిగుసుకుపోయినా అది చక్కగా జవాబు చెబుతూనే ఉంటుంది. మన బోర్డు పచ్చగా ఉంటుంది, గుణుపురం కౌంటర్ నుంచి మాత్రం "తిరుగుతోంది సార్, తెరుచుకోట్లేదు" అని ఫోనొస్తుంది.

ఆ కౌంటర్ అమ్మాయి అడిగేది అవైలబిలిటీ గురించి, అంటే కావలసినప్పుడు సర్వీసు పనిచేస్తోందా లేదా అని. అందుకే దాని అర్థం ఆమె పని వైపు నుంచి రాయాలి. మా పుస్తకంలో ఇలా ఉంది:

రిపోర్టు సర్వీసు అవైలబిలిటీ: ప్రతి సెంటర్‌లోని చిన్న కంప్యూటరు నిమిషానికోసారి టెస్ట్ లాగిన్‌తో లోపలికెళ్లి, ఒక టెస్ట్ రిపోర్టు తెరుస్తుంది. 5 సెకన్లలోపు తెరుచుకుని, పేజీలో పేషెంటు ఐడీ కనిపిస్తే పాస్. లేదంటే ఫెయిల్. లెక్క క్యాలెండర్ నెలకు. ముందురోజు సాయంత్రంలోగా సెంటర్లకు చెప్పి చేసిన మెయింటెనెన్స్ లెక్కలోకి రాదు.

పేషెంటు ఐడీ కనిపించాలని ఎందుకు పెట్టామంటే, కొన్ని అప్లికేషన్లు "ఏదో పొరపాటు జరిగింది" అనే పేజీని కూడా 200 కోడ్‌తోనే (అంతా సరిగ్గా ఉందని చెప్పే కోడ్) పంపిస్తాయి. 200 వచ్చింది కదా అని చెక్ దాన్ని పాస్ చేసేస్తుంది. ఇలా నకిలీ యూజర్‌తో చేసే పరీక్షను సింథటిక్ చెక్ అంటారు. నిజమైన యూజర్ల బ్రౌజర్ల నుంచి వచ్చే లెక్క రియల్ యూజర్ మానిటరింగ్. మొదటిది రాత్రి రెండు గంటలకు కూడా పనిచేస్తుంది, రెండోది నిజం చెబుతుంది. డబ్బుంటే రెండూ పెట్టుకోండి, లేకపోతే మొదటిదాంతో మొదలెట్టండి.

ముంబయి నుంచే చెక్ చేస్తే వచ్చే అంకె వేరు, గుణుపురం నుంచి చేస్తే వచ్చేది వేరు. రెండూ నిజమే. మేం ఒకదాన్ని సర్వర్ అవైలబిలిటీ అనీ, రెండోదాన్ని కౌంటర్ అవైలబిలిటీ అనీ పిలుస్తాం. ఓనరుకు పంపేది రెండోదే.

తొమ్మిదుల లెక్క

30 రోజుల నెలలో 43,200 నిమిషాలుంటాయి. 99 శాతం అంటే 432 నిమిషాలు, అంటే 7 గంటల 12 నిమిషాలు సర్వీసు ఆగొచ్చు. 99.5 అంటే 216 నిమిషాలు. 99.9 అంటే 43 నిమిషాల చిల్లర. 99.99 అంటే నాలుగు నిమిషాల చిల్లర. అంత తక్కువ సమయంలో మనిషి లేచి, ల్యాప్‌టాప్ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టేలోపే గడువు అయిపోతుంది. అది మనుషులతో కాదు, ఆటోమేటిక్ ఫెయిలోవర్‌తో (ఒకటి ఆగగానే పని దానంతటదే ఇంకోదానికి మారడం) మాత్రమే సాధ్యం. కరపత్రంలో నాలుగు తొమ్మిదులు వేసుకున్నవాళ్లను ఆ ఫెయిలోవర్ ఎక్కడుందో చూపించమనండి.

నిమిషాల లెక్కలో ఇంకో చిక్కుంది. అన్ని నిమిషాలూ ఒకటి కావు. మా సెంటర్లలో పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ఫాస్టింగ్ షుగర్ క్యూ. ఏమీ తినకుండా వచ్చి కూర్చున్న పెద్దవాళ్లు. ఆ సమయంలో 40 నిమిషాలు ఆగిందనుకోండి. రోజు మొత్తం మీద అది 97.2 శాతం, చూడ్డానికి పర్వాలేదు. కానీ ఆ రోజు వచ్చిన 2,000 రిక్వెస్టుల్లో 600 ఆ 40 నిమిషాల్లోనే వచ్చి ఫెయిలయ్యాయనుకుంటే, రిక్వెస్టుల లెక్కన అది 70 శాతమే. మొదటిది టైమ్ లెక్క అవైలబిలిటీ, రెండోది రిక్వెస్ట్ లెక్క అవైలబిలిటీ. రద్దీ ఒకేలా ఉండే చోట రెండూ దగ్గరగానే ఉంటాయి. మనలా పొద్దున్నే గుంపుగా వచ్చే చోట రెండోది లేకుండా రిపోర్టు రాయకండి.

గొలుసులో ఒక్కో లింకు

కౌంటర్ దాకా సర్వీసు రావాలంటే కరెంటు, ఫైబర్, క్లౌడ్ మూడూ ఉండాలి. ఒకదాని మీద ఒకటి ఆధారపడినప్పుడు శాతాలను గుణించాలి. కరెంటు 99.5, ఫైబర్ 99, క్లౌడ్ 99.9 అనుకుంటే మొత్తం కలిపి 98.4 దగ్గర తేలుతుంది. అంటే నెలకు దాదాపు పదకొండున్నర గంటలు. క్లౌడ్ కంపెనీ తన 99.9 నిలబెట్టుకున్నా సరే! డబ్బు ఎక్కడ పెట్టాలో ఈ గుణకారమే చెబుతుంది. క్లౌడ్‌లో ఇంకో సర్వర్ కొనే ముందు సెంటర్‌లో ఇన్వర్టర్ బ్యాటరీ మార్చండి.

ఒకటి పోతే ఇంకోటి ఆదుకునేలా పెడితే లెక్క తిరగబడుతుంది. 99 శాతం లైన్లు రెండుంటే, రెండూ ఒకేసారి పోయే అవకాశం వందలో ఒకటి ఇంటూ వందలో ఒకటి. అంటే కాగితం మీద 99.99. దీన్నే రిడండెన్సీ అంటారు. కానీ రెండు లైన్లకూ ఒకదాంతో ఒకదానికి సంబంధం లేకపోతేనే ఈ లెక్క నిలుస్తుంది. రెండు కంపెనీల దగ్గర రెండు కనెక్షన్లు తీసుకున్నా, రెండు ఫైబర్లూ అవే స్తంభాల మీదుగా, అదే వంతెన పక్కగా వస్తుంటే ఒక్క జేసీబీ చాలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇటు గజపతి, అటు శ్రీకాకుళం జిల్లాలు రెండూ కలిసే దెబ్బతిన్నాయి. అలాంటి రోజున "రెండు లైన్లున్నాయి" అన్న మాటకు విలువేమీ ఉండదు. దీనికి కామన్ మోడ్ ఫెయిల్యూర్ అని పేరు. కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడు రేటు అడగడంతో ఆగకండి. లైన్‌మ్యాన్‌తో పాటు బండి మీద వెళ్లి ఫైబర్ ఏ దారిన వస్తోందో చూడండి.

ఈ విషయంలో సరిహద్దు ఊరుకు ఒక సుఖముంది. మహేంద్రతనయ ఒడ్డున మా వాళ్ల ఫోన్లు ఒకసారి ఒడిశా టవర్‌ను, ఒకసారి ఆంధ్రా టవర్‌ను పట్టుకుంటాయి. బ్యాకప్ 4జీ రూటర్‌ను అటువైపు టవర్ అందే కిటికీలో పెడితే, కనీసం కరెంటు లైను వేరే రాష్ట్రానిది అవుతుంది. అది పూర్తిగా విడి దారి అని చెప్పలేం గానీ, ఒకే స్తంభం కన్నా నయం.

స్లో అంటే ఎంత స్లో

లేటెన్సీకి, అంటే అడిగినప్పటి నుంచి జవాబు వచ్చేదాకా పట్టే సమయానికి, సగటు చెప్పేవాళ్లు ఇంటిల్లిపాది కొలతల సగటు తీసి అందరికీ ఒకటే చొక్కా కుట్టించినట్టు చేస్తారు. వంద రిపోర్టుల్లో 95 రిపోర్టులు 0.4 సెకన్లలో, మిగతా ఐదు 20 సెకన్లలో తెరుచుకున్నాయనుకోండి. సగటు 1.38 సెకన్లు. అంత సమయం పట్టిన రిపోర్టు ఒక్కటి కూడా లేదు! అందుకే పర్సెంటైల్ వాడతారు. పీ50 అంటే సగం రిక్వెస్టులు అంతలోపే అయ్యాయని. ఇక్కడ అది 0.4. పీ95 కూడా 0.4 మాత్రమే. పీ99 చూస్తే 20 బయటపడుతుంది. కౌంటర్‌కు ఫోన్ చేసి అరిచేది ఆ ఐదుగురే కాబట్టి పీ95తో పాటు పీ99 కూడా బోర్డు మీద ఉంచండి. నాలుగు సెంటర్ల పీ99లను కూడి నాలుగుతో భాగిస్తే వచ్చేది ఏ సెంటర్‌కూ చెందని అంకె. మొత్తం పీ99 కావాలంటే మొత్తం డేటా మీద మళ్లీ తీయాలి.

లేటెన్సీ పక్కన ట్రాఫిక్, ఎర్రర్లు, శాచురేషన్ కూడా రాసుకుంటే గూగుల్ ఇంజనీర్లు నాలుగు గోల్డెన్ సిగ్నల్స్ అనే జాబితా పూర్తవుతుంది. శాచురేషన్ అంటే డిస్కో, మెమరీయో, లైనో ఎంత నిండిందో. ట్రాఫిక్ గ్రాఫ్ విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. స్విచ్‌లో ఎంత డేటా వెళ్లిందో లెక్కపెట్టే పాత 32 బిట్ల కౌంటర్ వాడితే, 100 ఎంబీపీఎస్ నిండుగా నడిచే లైన్లో అది ఆరు నిమిషాలు కూడా కాకుండానే నిండిపోయి మళ్లీ సున్నాకు వచ్చేస్తుంది. 64 బిట్ల కౌంటర్ తీసుకోండి.

ఒక అంతరాయాన్ని గడియారంతో విడదీయడం

ఎమ్‌టీటీఆర్ (మీన్ టైమ్ టు ఆర్, అంటే ఆ పనికి సగటున పట్టే సమయం) అనే మాట దగ్గర ఎప్పుడూ తగువులొస్తాయి. అందులోని ఆర్ ఒక్కొక్కరికి ఒక్కోటి: రెస్పాండ్ (స్పందించడం), రిస్టోర్ (సర్వీసు తిరిగి నడవడం), రిపేర్ (పాడైంది బాగవడం), రిజాల్వ్ (సమస్య పూర్తిగా తీరడం). ఒక రోజును ఇలా గీసుకుని చూడండి. 7:10కి కాశీనగర్ దారిలో ఫైబర్ తెగింది. 7:16కి అలర్ట్ వచ్చింది. 7:20కి డ్యూటీలో ఉన్నవాళ్లు "నేను చూస్తున్నా" అని నొక్కారు. 7:52కి 4జీ మీదకు మార్చగానే కౌంటర్లు నడిచాయి. సాయంత్రం 4 గంటలకు ఫైబర్ స్ప్లైసింగ్ (తెగిన కొసలు అతకడం) పూర్తయింది. పట్టుకోవడానికి 6 నిమిషాలు, అందుకోవడానికి ఇంకో 4. రిస్టోర్ అయ్యేసరికి మొదటి నుంచి 42 నిమిషాలు. రిపేర్ అయ్యేసరికి 8 గంటల 50 నిమిషాలు. పేషెంటుకు కావలసింది 42, నెట్ కంపెనీతో మాట్లాడటానికి కావలసింది 8 గంటల 50. రెండూ విడివిడిగా, పూర్తి పేరుతో రాయండి. మా పుస్తకంలో ఎమ్‌టీటీఆర్ అన్న పొట్టి పేరు నిషేధం.

పట్టుకోవడానికి ఆ 6 నిమిషాలు ఎందుకు పట్టిందంటే, ఈ లింకు చెక్ రెండు నిమిషాలకోసారి నడుస్తుంది, వరసగా మూడుసార్లు ఫెయిలైతేనే అలర్ట్ ఇస్తుంది. నాగియోస్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ భాషలో మొదటి రెండు ఫెయిళ్లు సాఫ్ట్ స్టేట్, మూడోదానితో హార్డ్ స్టేట్. ఈ ఓపిక లేకపోతే వానాకాలంలో గుణుపురం లింకు పడుతూ లేస్తూ రాత్రంతా ఫోన్ మోగిస్తుంది. అలా ఊగిసలాడటాన్నే ఫ్లాపింగ్ అంటారు. వారంలో రెండు రాత్రులు ఇలా అయితే మూడో రాత్రి నిజం అలర్ట్‌ను కూడా ఎవరూ చూడరు.

ఈవెంట్, ఇన్సిడెంట్, ప్రాబ్లమ్ త్వరగా చెప్పేస్తాను. గమనించాల్సిన మార్పు ఏదైనా ఈవెంట్. సర్వీసు ఆగినా, నాణ్యత తగ్గినా ఇన్సిడెంట్. వాటి వెనకున్న కారణం ప్రాబ్లమ్. 7:52కి ఇన్సిడెంట్ మూసేయొచ్చు. ఆ మలుపు దగ్గర ఫైబర్ నేల మీదే పడి ఉన్నంత కాలం ప్రాబ్లమ్ మూయకూడదు.

ఎస్‌ఎల్‌ఏ కాగితం చదవడం

ఎస్‌ఎల్‌ఐ అంటే కొలిచిన అంకె. ఎస్‌ఎల్‌ఓ అంటే మనకు మనం పెట్టుకున్న లక్ష్యం. ఎస్‌ఎల్‌ఏ అంటే సంతకం పెట్టిన ఒప్పందం, తప్పితే డబ్బు వెనక్కి ఇవ్వాల్సింది. ఎస్‌ఎల్‌ఓను ఎప్పుడూ ఎస్‌ఎల్‌ఏ కన్నా కాస్త ఎక్కువ పెట్టుకోండి, ముందే తెలుస్తుంది. లక్ష్యం 99.5 అయితే నెలకు మిగిలే 216 నిమిషాలు ఎర్రర్ బడ్జెట్. నెల మధ్యకే 180 ఖర్చయిపోతే కొత్త వెర్షన్ వచ్చే నెలకు వాయిదా. ఈ నియమం ముందే రాసి ఉంటే డెవలపర్లతో గొడవ ఉండదు.

నెట్ కనెక్షన్ ఇచ్చేవాళ్ల ఎస్‌ఎల్‌ఏలో శాతం తర్వాత చూడండి, ముందు మినహాయింపులు చదవండి. కస్టమర్ దగ్గర కరెంటు లేకపోవడం, ప్రకృతి వైపరీత్యం, రోడ్డు పనులు తరచూ అక్కడే ఉంటాయి. గడియారం ఎప్పుడు మొదలవుతుందో కూడా చూడండి. ఫైబర్ తెగినప్పటి నుంచి కాదు, కంప్లైంట్ నమోదైనప్పటి నుంచి అని రాసి ఉంటే, "నెట్టు పోనాది సార్" అని కౌంటర్ నుంచి ఫోన్ రాగానే టికెట్ నంబర్ తీసుకోండి. కారణం వెతకడం ఆ తర్వాత. మీ లాగ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే 5 గంటల 30 నిమిషాలు కలిపి మన టైమ్‌లో రాయండి, లేకపోతే వాళ్ల టైముకీ మీ టైముకీ పొంతన కుదరదు.

డేటా లేని నిమిషాలు

ఇది చాలా చోట్ల రాసుకోరు. మానిటరింగ్ సర్వర్ కూడా మా గదిలోనే ఉంటే, గదికి కరెంటు పోయినప్పుడు అలర్ట్ పంపేవాడే ఉండడు. అందుకే బయట ఇంకో చిన్న సర్వర్ పెట్టాం. ఇక్కడి నుంచి నిమిషానికోసారి దానికి హార్ట్‌బీట్ (నడుస్తూనే ఉన్నానని చెప్పే చిన్న సందేశం) వెళ్తుంది. ఐదు నిమిషాలు హార్ట్‌బీట్ రాకపోతే అదే మాకు ఫోన్ చేస్తుంది. అలాగే సెంటర్‌లో చెక్ చేసే కంప్యూటరును ఎవరైనా ఆపేస్తే వచ్చే ఖాళీ పాస్ కాదు, ఫెయిల్ కాదు. మా బోర్డు మీద దానికి బూడిద రంగు. నెలాఖరు రిపోర్టులో ఆ నిమిషాలను అవైలబిలిటీలో కలపం, దాచం. పక్కన వేరే వరుసలో ఏ సెంటర్, ఎన్ని నిమిషాలు, ప్లగ్ ఎవరు తీశారు అన్నది రాస్తాం. పోయిన నెల ఆ వరుసలో ఎక్కువ భాగం రాయగడదే. ఫోన్ చార్జింగ్‌కు వేరే సాకెట్ వేయించమని ఉత్తరం వెళ్లింది.