తీతువు అరుస్తుంటే కెమెరా దించండి

మార్చి నుంచి ఎండిన చెరువుల్లో, బీడు భూముల్లో తీతువు గుడ్లు పెడుతుంది. గూడంటూ పెద్దగా ఏమీ ఉండదు. నేలలో చిన్న గుంట, అంచున గులకరాళ్లు, మధ్యలో మట్టిరంగు మీద నల్లమచ్చల గుడ్లు, మామూలుగా నాలుగు. రెండడుగుల దూరం నుంచి చూసినా రాళ్లే అనిపిస్తాయి. అందుకని ఫొటో సంగతి తర్వాత, ముందు కాలెక్కడ పడుతోందో చూసుకోండి. గొర్రెల కాపరుల్ని అడిగితే ఎటు వెళ్లకూడదో చెబుతారు.

పక్షి మీ తలపైన తిరుగుతూ అరుస్తోందంటే గుడ్లో పిల్లలో దగ్గర్లోనే ఉన్నాయని అర్థం. వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోండి. మండుటెండలో తీతువు గుడ్ల మీదుండేది పొదగడానికి కాదు, నీడ పట్టడానికి. పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి మరీ వాటిని చల్లబరుస్తుంది. మే నెల మధ్యాహ్నం దాన్ని లేపేసి మీరక్కడే నిలబడితే గుడ్డులోని పిల్ల ఉడికిపోతుంది. గుడ్లు ఒంటరిగా ఉంటే కాకులకూ అదే అదను.

తెల్లవారగానే వెళ్లండి. కనీసం 400 ఎంఎం లెన్సు ఉండాలి, ఫ్లాష్, బీప్ ఆపేయాలి. వీలైతే కారులోంచే తీయండి. బండికి అంతగా బెదరని పక్షి, తలుపు తీసి మనిషి దిగితే లేచిపోతుంది. పొదల్లో గూడైతే అడ్డమొచ్చిన కొమ్మను వంచకండి, దానికి నీడా మరుగూ ఆ కొమ్మే. రికార్డు చేసిన కూత వినిపించి పిలవకండి, పోటీ పక్షి వచ్చిందనుకుని గూడొదిలి వస్తుంది. పక్షులు గుంపుగా గూళ్లు కట్టే నేలపట్టు, తేలినీలాపురం లాంటి చోట్ల ఒక్కటి బెదిరితే గుంపంతా లేస్తుంది, ఆ గందరగోళంలో పిల్లలు గూళ్లలోంచి జారిపడతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేటకిచ్చిన నిర్వచనంలోకి గూళ్లనూ గుడ్లనూ కదిలించడం కూడా వస్తుంది.

ఇక పంచుకోవడం. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేయండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరం చెరిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపితే ఫైలుతోపాటే వెళ్తుంది. వెనకాల చెరువు తూము, గుడి గోపురం, కరెంటు స్తంభం నంబరు కనిపిస్తున్నాయేమో చూడండి, ఊరివాళ్లకు అది చాలు. చూసిన పక్షుల జాబితాలు నమోదుచేసే ఈబర్డ్‌ వెబ్‌సైటులో మీ జాబితాను ఇతరులకు కనబడకుండా దాచిపెట్టే వీలుంది. 1900 తర్వాత జాడలేక 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించిన కలివికోడి లాంటి అరుదైన పక్షి కంటపడితే మాత్రం అటవీశాఖకు చెప్పండి, మండలం పేరు కూడా బయట రాయకండి.

తీతువు గుడ్లు పిగలడానికి దాదాపు 28 రోజులు పడుతుంది. పిల్లలు పుట్టిన కాసేపటికే నడుస్తాయి గానీ ఎగరడానికి ఇంకొన్ని వారాలు కావాలి. గూడు ఫొటో రెండు నెలలాగి పెట్టండి.