చెట్టెక్కే పని నేర్చుకుందాం – 4వ పాఠం: తాడును పట్టే ముడి

గత పాఠంలో త్రో లైన్ (కొసకు బరువు కట్టిన సన్న దారం) విసిరి, ఎంచుకున్న పంగ మీదుగా ఎక్కే తాడును లాగడం దాకా వచ్చాం. తాడిప్పుడు పంగకు అటూ ఇటూ నేల దాకా వేలాడుతోంది. ఇవాళ దాని మీద ముడి వేస్తాం. పాఠమంతా ఆ ఒక్క ముడి గురించే. ఒంటికి కట్టుకునే పట్టీల హార్నెస్ ఎంత మంచిదైనా, దానికి తాడును తగిలించే లోహపు కొక్కెం, అంటే కారబినర్, ఎంత గట్టిదైనా, కొమ్మల మధ్య మిమ్మల్ని నిలిపేది తాడు చుట్టూ బెత్తెడు మేర బిగిసిన ఈ ముడే. బరువు పడితే తాడును పట్టేస్తుంది, బరువు తీస్తే చేత్తో తోసినట్టు జరుగుతుంది. దీన్ని రాపిడి ముడి అందాం. బ్లేక్, వీటీ, డిస్టెల్ అన్నవి ఇందులో రకాలు.

బరువు ఎటు పోతోంది

మనం నేర్చుకుంటున్నది కదిలే తాడు పద్ధతి. తాడు ఒక కొస మీ హార్నెస్‌కు కట్టి ఉంటుంది. అక్కడి నుంచి పైకి వెళ్లి, పంగ దాటి, రెండో పాయగా కిందికి దిగుతుంది. ఆ రెండో పాయ మీద రాపిడి ముడి వేసి, దాన్నీ హార్నెస్‌కే తగిలిస్తాం. పరికరాలతో కలిపి మీ బరువు 80 కిలోలనుకుంటే, పైన రాపిడే లేనప్పుడు ఒక్కో పాయ మీద 40 కిలోలు పడుతుంది. అంటే ముడి మోసేది మీ బరువులో సగమే.

కానీ పైన రాపిడి లేకుండా ఉండదు. తాడు నేరుగా గరుకు బెరడు మీద ఉంటే, దిగేటప్పుడు ఆ బెరడే కొంత భారాన్ని ఆపుతుంది. ముడి మీద 40 కిలోల కంటే బాగా తక్కువ పడుతుంది. అదే చోట రెండు రింగుల పట్టీ (పంగకు చుట్టి, దాని రింగుల్లోంచి తాడును పోనిచ్చేది) వేస్తే ముడి మీద భారం పెరుగుతుంది. రింగుకు బదులు పుల్లీ ఉంటే అది మీ బరువులో దాదాపు సగానికి చేరుతుంది. అందుకే బెరడు మీద సులువుగా జారిన ముడి, పుల్లీ కిందికి రాగానే మొరాయిస్తుంది. ముడిలో మార్పేమీ లేదు, దాని మీది బరువు మారింది. ఇది తెలియక ముడి పాడైందనుకుని చుట్లు తగ్గించేవాళ్లున్నారు. పైన పట్టీ మారినా, తాడు మారినా, ముడిని మళ్లీ నేల మీద పరీక్షించాకే ఎక్కాలి.

అలాగని పట్టీ మానేయకండి. తాడు పదేపదే ఒరుసుకుంటే బెరడూ, దాని కింది జీవపొరా తెగుతాయి. మనం ఎక్కేది చెట్టును బాగుచేయడానికి. పైగా పట్టీ ఉంటే రాపిడి రోజంతా ఒకేలా ఉంటుంది, ముడి ఎలా ప్రవర్తిస్తుందో ముందే తెలుస్తుంది.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోవాలి. ఈ పద్ధతిలో మీరు 1 మీటరు దిగితే ముడిలోంచి 2 మీటర్ల తాడు జారుతుంది. పంగ 20 మీటర్ల ఎత్తులో ఉంటే రెండు పాయలకే 40 మీటర్లు కావాలి. ముడులకూ కొసకూ కలిపి 45 మీటర్ల తాడు సరిపోతుంది, అంతకు మించి ఎత్తుకు పనికిరాదు. తాడు చివర ఎనిమిది ఆకారపు ఆపుడు ముడి తప్పనిసరి. అది లేకుండా దిగుతూ తాడు అయిపోతే కొస రాపిడి ముడిలోంచి జారి బయటికొచ్చేస్తుంది. పైన పంగ దగ్గర కాక, నేలకు ఇంకా దూరంగా ఉన్నప్పుడు ఇది జరుగుతుంది కాబట్టి ఎవరూ ఊహించరు.

ఒంటి తాడు పద్ధతిలో లెక్క వేరు. అక్కడ ముడి మీ బరువంతా మోస్తుంది. పైన అదనపు రాపిడి ఇచ్చే పరికరం లేకుండా ఉత్త రాపిడి ముడితో ఒంటి తాడు మీద దిగడానికి ప్రయత్నించకండి. ముడి బిగిసి కదలదు, బలవంతంగా కదిలిస్తే కాలుతుంది. ఆ పద్ధతి తర్వాతి పాఠాల్లో వస్తుంది.

ముడి తాడు ఎంపిక

ఎక్కే తాడు సాధారణంగా 11 నుంచి 13 మిల్లీమీటర్ల లావుంటుంది. ఈఎన్ 1891 (ఇలాంటి తాళ్లకు యూరప్ ప్రమాణం) ఎ రకం అని చీటీ మీద ఉంటే, కొత్తగా ఉన్నప్పుడు కనీసం 22 కిలోన్యూటన్ల లాగుడుకు తట్టుకుంటుంది. 80 కిలోల మనిషి కదలకుండా వేలాడితే పడేది 0.8 కిలోన్యూటనే. అంత ఎడం ఎందుకంటే ముడి పడ్డచోట తాడు బలం తగ్గుతుంది, అరుగుదల తగ్గిస్తుంది, కుదుపు పడితే భారం ఎన్నో రెట్లవుతుంది.

ముడి వేసే విడి తాడు రెండు రకాలు. ఎక్కే తాడు లావే ఉన్న ముక్కతో బ్లేక్ ముడి వేస్తారు. రెండు కొసలా కుట్టిన కళ్లు, అంటే ఉచ్చులు, ఉన్న 8 నుంచి 10 మిల్లీమీటర్ల సన్న తాడుతో వీటీ, డిస్టెల్ లాంటివి వేస్తారు. వేడికి ఏది ఎలా ఉంటుందో చూసి కొనండి. పాలిస్టర్ 250 డిగ్రీల సెల్సియస్ దాటాక కరుగుతుంది. డైనీమా అనే పోగు వంటివి 150 దగ్గరే కరుగుతాయి, లాగుడుకు ఎంత బలమైనవైనా రాపిడి ముడికి పనికిరావు. అరామిడ్ అనే, వేడికి తట్టుకునే పోగు తొడుగున్నవి కరగవు, చాలా ఎక్కువ వేడికి మాడతాయి. అయితే అరామిడ్ ఉంది కదా అని వేగంగా దిగితే, ముడి బాగానే ఉండి దాని కింద ఎక్కే తాడు తొడుగు కరుగుతుంది. చూడటం మాత్రం అందరూ ముడినే చూస్తారు.

బ్లేక్ ముడి

మొదట నేర్చుకోవాల్సింది ఇదే. 1994లో జేసన్ బ్లేక్ అమెరికాలోని ఒక వృక్ష వృత్తి పత్రికకు లేఖ రాసినప్పటి నుంచి చెట్లెక్కేవాళ్లలో ఆయన పేరుతో నిలిచింది. అంతకుముందే 1981లో ఆస్ట్రియాకు చెందిన హైన్జ్ ప్రొహాస్కా ఇదే ముడిని ప్రచురించారు.

ముడి తాడు ఒక కొస హార్నెస్ కారబినర్‌కు తగిలించి ఉంటుంది. రెండో కొసను పట్టుకోండి. ఎడమచేతి బొటనవేలును ఎక్కే తాడుకు ఆనించి, వేలు మీదుగా తాడు చుట్టూ రెండు చుట్లు వేయండి. వేలు తీసి, దాని పైన మరో రెండు చుట్లు. మొత్తం నాలుగు, అన్నీ కింది నుంచి పైకి, ఒకదాన్నొకటి ఎక్కకుండా పక్కపక్కనే. ఇప్పుడు కొసను కిందికి తెచ్చి, హార్నెస్ వైపు వెళ్లే పాయకు ముందు నుంచి దాటించండి. అక్కడి నుంచి ఎక్కే తాడు వెనక్కి తిప్పి, బొటనవేలు ఉన్న సందులోంచి పైకి, అంటే కింది రెండు చుట్ల లోపల నుంచి, బయటికి లాగండి. కొస రెండో చుట్టుకూ మూడో చుట్టుకూ మధ్య నుంచి రావాలి. బయటికొచ్చిన కొసకు ఎనిమిది ఆకారపు ముడి వేసి, జానెడు తోక వదలండి.

ఇక్కడే ఒక ప్రమాదం దాగి ఉంది. కొసను హార్నెస్ పాయకు ముందు నుంచి దాటించకుండా నేరుగా సందులో దూర్చినా, ముడి చూడటానికి దాదాపు ఇలాగే ఉంటుంది. నేల మీద పట్టుకున్నట్టే ఉండి, బరువులో సడలిపోవచ్చు. అందుకే ప్రతిసారీ ముడిని వెనక్కి తిప్పి చూడండి. హార్నెస్ పాయ, కొస ఒకదానికొకటి అడ్డంగా దాటుతూ కనబడాలి. కనబడకపోతే విప్పేయండి.

బ్లేక్ ముడికి లోపమూ ఉంది. వేడంతా ముడిలో ఒకే చోట చేరుతుంది. అక్కడ తాడు గాజులా మెరుస్తూ గట్టిపడుతుంది. ఎక్కే తాడు కొసతోనే ముడి వేసుకుంటే ప్రతిసారీ ఆ ముక్క కోసెయ్యాలి. విడి తాడు వాడితే దాన్నొక్కదాన్నే మారుస్తారు.

వీటీ, డిస్టెల్

కళ్లున్న సన్న తాడుతో వేసే వీటిని బ్లేక్ చేతికి వచ్చాకే మొదలుపెట్టండి. డిస్టెల్‌లో పైన నాలుగైదు చుట్లు, కింద ఒకటి. వీటీలో పైన మూడు నాలుగు చుట్లు వేసి, మిగిలిన రెండు కాళ్లనూ ఒకటి ముందు, ఒకటి వెనక జడలా అల్లుకుంటూ దిగి, రెండు కళ్లనూ ఒకే కారబినర్‌కు తగిలిస్తారు. రెండు కళ్ల మధ్య చిన్న పుల్లీ పెడితే, పైకి వెళ్లేటప్పుడు అది ముడిని కింద నుంచి నెడుతుంది, రెండో చేయి ఖాళీగా ఉంటుంది. ఎన్ని చుట్లు, ఎన్ని అల్లికలన్నది మీ బరువూ, తాడుల లావూ, కొత్తదనమూ తేల్చాలి. వేరొకరి లెక్క మీకు సరిపోదు. 60 కిలోల మనిషి ముడిని 100 కిలోల మనిషి వేసుకుంటే కదలదు, అటుదిటైతే జారుతుంది.

నేల మీద పరీక్ష

మొదట ముడిని సర్దాలి. చుట్లన్నీ సమంగా ఉన్నాయో లేదో వేళ్లతో తడిమి, తర్వాత కొసలు లాగి బిగించాలి. నేల నుంచి అర మీటరు ఎత్తులో వేలాడండి. కాళ్లు నేల వదిలాక ఒక నిమిషం కదలకుండా ఉండండి, ముడి అంగుళం కూడా పాకకూడదు. తర్వాత తాడు కాస్త సడలించి మూడుసార్లు మెల్లగా కూర్చోండి, ప్రతిసారీ ముడి వెంటనే పట్టాలి. చివరికి ముడి మీద ఒక చేయి ఆన్చి నింపాదిగా దిగండి, కుదుపు లేకుండా జారాలి. ముడి చేతికి అందే దూరంలో ఉండాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది. పూర్తిగా వేలాడినప్పుడు మోచెయ్యి కొంచెం వంచితే అరచేయి ముడి పైన పడాలి. అందకపోతే పైన ఇరుక్కుపోతారు.

దిగేటప్పుడు ఒక చేయి ముడి పైన, రెండోది ముడి కింద వేలాడే తాడు మీద ఉండాలి. వేగాన్ని అదుపు చేసేది కింది చేయి. పైచేయి తాకినంత మాత్రాన ముడి జారుతుంది, బలంగా నొక్కనక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం ఇది. జారుతున్నట్టు అనిపించగానే మనిషి ముడిని గట్టిగా పట్టేసుకుంటాడు, అది సహజం. కానీ పైనుంచి ముడిని పట్టుకుంటే అది తెరుచుకునే ఉంటుంది, ఆగదు. చెయ్యి తీసేస్తేనే పట్టేస్తుంది. అందుకే అర మీటరు ఎత్తులోనే, కావాలని చెయ్యి వదిలేయడం కనీసం 20 సార్లు సాధన చేయండి. ఆలోచించకుండా చెయ్యి తీసేలా కావాలి.

ఎప్పుడు తీసేయాలి

ప్రతి ఎక్కుడుకూ ముందు ముడి తాడును ముడి విప్పి, రెండు వేళ్ల మధ్య కొస నుంచి కొస దాకా లాగండి. గాజులా మెరుస్తున్న చోట గోరుతో గీకితే పొరలా గట్టిగా తగులుతుంది. అక్కడ వంచి చూడండి. మిగతా చోట గుండ్రంగా వంగే తాడు అక్కడ మడతపడితే లోపలి పోగులు దెబ్బతిన్నాయి. తొడుగు సన్నబడినా, కంటి దగ్గర కుట్టు పోగు లేచినా, ఒకచోట లావూ పక్కన సన్నమూ తగిలినా అదే తీర్పు. ముక్కలుగా కోసి పారేయండి. పొరపాటున మళ్లీ సంచిలోకి రాకూడదు. మొదటిసారి వాడిన తేదీ కొస పట్టీ మీద రాసి ఉంచుకోండి, కుట్టు మీద కాదు.

తడి తాడు మీదా, జిగురంటిన తాడు మీదా ముడి ప్రవర్తన మారుతుంది. ఉదయం పరీక్షించాం కదా అనుకోకూడదు. వాన పడితే దిగి, అర మీటరు పరీక్ష మళ్లీ చేయాలి. జిగురు పట్టిన తాడును గోరువెచ్చని నీళ్లలో తక్కువ గాఢత సబ్బుతో కడిగి నీడలో ఆరేయండి. ఎండలో కాదు, పెట్రోలు డబ్బా పక్కన అసలు కాదు.

ఈ పాఠం సాధన

గదిలో, తల ఎత్తులో కట్టిన తాడు ముక్క చాలు. బ్లేక్ ముడిని కళ్లు మూసుకుని వేయగలిగే దాకా వేయండి, ప్రతిసారీ వెనక్కి తిప్పి దాటింపు చూడండి. తర్వాత చేతి తొడుగులతో వేయండి. ఆ తర్వాతే 2 మీటర్లు దాటని ఎత్తులో, కింద మరో మనిషి ఉండగా, ఎక్కి దిగండి. రంపం చేతికి తీసుకోవద్దు. రంపం పట్టే ముందు రెండో ఆధారం ఉండాలి, అదే ల్యాన్యార్డ్, అంటే చెట్టు చుట్టూ వేసి హార్నెస్‌కు తగిలించే పొట్టి తాడు. లోపల ఉక్కు తీగ ఉన్నదీ లేనిదీ, రెండింటికీ తేడా, కోసేటప్పుడు ఎక్కడ చుట్టాలన్నది 5వ పాఠం.