కీమో నడుస్తుండగా ఇంటికి ఆకు పసరు వస్తే

పరకాల నుంచి మా చిన్నమ్మ కీమో కోసం వచ్చి హన్మకొండలో మా ఇంట్లో ఉన్నప్పుడు, చూడ్డానికి వచ్చినవాళ్ళు పండ్లతో పాటు ఓ కవర్ నిండా బిళ్ళ గన్నేరు ఆకులు తెచ్చారు. "ఇంగ్లీషు మందు గూడ దీంట్లకెల్లే తీస్తరట" అన్నారు. ఏళ్ళ తరబడి బాటనీ చెప్పినదాన్ని, కస్సుమన్నాను. దాంతో చిన్నమ్మ నాకు తెలియకుండా పరగడుపున ఆ ఆకుల పసరు తాగడం మొదలుపెట్టింది. "ఆకే గదా బిడ్డా, ఏమైతది?" అంది దొరికిపోయాక. అందుకే మొదట కోపం పక్కన పెట్టండి. ఎవరిచ్చారు, ఎన్ని ఆకులు, ఎన్నాళ్ళ నుంచి అని మామూలుగా అడగండి.

వాళ్ళు చెప్పింది అబద్ధమూ కాదు. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే కీమో మందులు ఈ మొక్కవే. 1950ల్లో కెనడాలో షుగరుకు పనికొస్తుందేమోనని దీని సారాన్ని ఎలుకలకు ఇచ్చారు. తాగిస్తే షుగరు తగ్గలేదు. రక్తనాళంలోకి ఎక్కిస్తే తెల్లకణాలు పడిపోయి, ఇన్‌ఫెక్షన్లతో చచ్చాయి. ఆ గుణాన్నే తర్వాత రక్త క్యాన్సరు మీద వాడారు. కీమోలో ఉన్న మనిషికి తెల్లకణాలు ముందే తగ్గుతుంటాయని పేషెంటుకు ఈ కథతోనే చెప్పండి, అర్థమవుతుంది. విన్‌క్రిస్టిన్‌ను పెద్దవాళ్ళకు ఒక విడతలో మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు, అదీ రక్తనాళంలోకే. ఒక్క గ్రాము తీయాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలి. గ్లాసు పసరులో మందు ఏపాటి? ఆకులో నూరుకు పైగా ఉన్న ఆల్కలాయిడ్లనే ఘాటు రసాయనాలు మాత్రం కొలత లేకుండా కడుపులోకి పోతాయి.

తర్వాత, కొమ్మ తెప్పించి చూడండి. బిళ్ళ గన్నేరు మోకాలెత్తు మొక్క. ఆకులు కోలగా, నున్నగా, ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి, నడిమి ఈనె తెల్లగా కనిపిస్తుంది. పూజకు పూలు కోసే గన్నేరు మనిషిని మించి పెరుగుతుంది. దాని ఆకు సన్నగా, పొడుగ్గా, కణుపుకు మూడేసి. అది గుండెను ఆపే విషం. పొరపాటున తాగితే వాంతులు మొదలయ్యేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి, ఆ కొమ్మను కూడా వెంట పట్టుకెళ్ళండి.

కూరలో పసుపుకు టెన్షన్ అక్కర్లేదు. పసుపు నుంచి తీసే కర్క్యుమిన్ క్యాప్సూళ్ళయితే డబ్బా తిప్పి చదవండి. కర్క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు కాబట్టి చాలావాటిలో మిరియాల నుంచి తీసిన పైపరిన్ కలుపుతారు. అది కొన్ని మందులను లివర్ విరగ్గొట్టకుండా అడ్డుపడుతుంది. దాంతో అవి రక్తంలో ఎక్కువగా నిలిచిపోవచ్చు.

పేషెంటు తాగిందీ మింగిందీ అంతా ఒక కాగితం మీద రాసి కీమో ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టండి. మేము రాసింది ఇంతే: "బిళ్ళ గన్నేరు, 7 ఆకులు, అర గ్లాసు నీళ్ళు, పరగడుపున, 9 రోజులు." డాక్టరు చదివి, పసరు ఆపమన్నారు. కణాలు తక్కువగా ఉన్నాయని ఆ వారం కీమో వాయిదా వేశారు. ఆకు వల్లనా, అంతకుముందు ఎక్కిన మందు వల్లనా అన్నది ఆయన కూడా తేల్చలేదు. ఆ వారమంతా చిన్నమ్మ అదే గ్లాసులో రాగిజావ తాగింది, నా ముందే కూర్చుని.